చిల్లు లేని రైఫిల్

ఆగండి. ఎక్కడికీ వెళ్ళకండి, ముందు నేను చెప్పేది వినండి. రేపు పొద్దున్న ఆర్లిన్ స్కార్‌డాల్ గారు నా షాపుకి వస్తారు. వచ్చి ఓ చిన్న పని చేసిపెట్టమంటారు. ఆ పని చేస్తే కొంప మునుగుతుంది, చెయ్యకపోయినా మునుగుతుంది. అందుకే ఇంత గబగబా టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నా పేరు బ్రిన్. బిల్లింగ్స్‌లో పుట్టి పెరిగాను, బోజ్‌మన్‌లో మెకానికల్ చదివాను. క్లాసులో అందరూ సియాటిల్ వైపు పరిగెత్తుతుంటే నేను మాత్రం సీడర్ బెండ్ వచ్చి, ట్రాక్టర్ విడిభాగాల కొట్టు వెనక గది అద్దెకి తీసుకున్నాను. మా అమ్మ ఇంకా కోలుకోలేదు. నా పని పాత సింగిల్ షాట్ రైఫిళ్ళకి గురి చూసే దుర్భిణులు, అదే స్కోపులు, బిగించడం. అంటే ముత్తాతల నాటి రైఫిళ్ళు, ఒకసారికి ఒకే తూటా పెట్టి కాల్చేవి. స్కోపు మాత్రం కొత్తదే, కానీ ఆ కాలం దానిలాగే చేస్తారు: చూపుడువేలంత లావు, చెయ్యంత పొడుగు, రెండు చివర్లా ఇత్తడి మూతలు. కన్ను పెట్టి చూస్తే కూల్‌డ్రింక్ స్ట్రాలోంచి లోకాన్ని చూస్తున్నట్టుంటుంది. ఎంత బాగుంటుందో! మొదటిసారి చూసినప్పుడే పడిపోయాను. ఎంత పడిపోయానంటే కన్ను మరీ దగ్గర పెట్టేశాను, రైఫిల్ వెనక్కి తన్నింది, ఇత్తడి మూత అంచు నా కనుబొమ మీద నెలవంక గీసింది. మా క్లబ్బులో స్కోపు వాడేవాళ్ళందరికీ ఉంది ఆ నెలవంక. లేనివాళ్ళని కొత్తవాళ్ళకింద లెక్కేస్తారు.

ఇక అసలు విషయం.

మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న రోజుల్లో స్కార్‌డాల్ అక్కాతమ్ముళ్ళు నా షాపుకి వచ్చారు. వెర్డా గారు పెద్ద, ఆర్లిన్ గారు చిన్న, ఇద్దరికీ డెబ్బై దాటాయి, ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, రోడ్డుకి ఈవల ఒకరు ఆవల ఒకరు ఉంటారు. వాళ్ళ నాన్న ఐనార్ గారు పోతూ పోతూ తన షార్ప్స్ కంపెనీ రైఫిల్ ఇద్దరికీ చెరిసగం రాసి పోయారు. ఒక నెల ఈ ఇంట్లో, ఒక నెల ఆ ఇంట్లో. ఒకరు వద్దన్న పని రెండోవాళ్ళు దానికి చెయ్యకూడదు. ఇన్నేళ్ళుగా ప్రతి జూన్‌లో, దూరంగా నిలబెట్టిన ఇనుప జంతువుల బొమ్మల్ని కొట్టే మా క్లబ్బు మ్యాచ్‌లో ఇద్దరూ ఆ ఒక్క రైఫిల్‌తోనే వంతులు వేసుకుని కాలుస్తున్నారు. ఒకరు కాలుస్తుంటే రెండోవాళ్ళు పక్కన కూర్చుని తూటా ఎక్కడ పడిందో చెబుతారు, తిడతారు.

వెర్డా గారు రైఫిల్‌ని బల్ల మీద పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టి, "అమ్మాయ్, దీనికి స్కోపు పెట్టాలి," అన్నారు.

"పెట్టకూడదు," అన్నారు ఆర్లిన్ గారు.

"ఒరేయ్, నువ్వు నోరు ముయ్యి. నాకు కళ్ళు పోయాయమ్మా. ముందర గురి చూసే ముక్క ఉంటుంది చూడు, అది గొంగళిపురుగులా కనిపిస్తోంది. పోయినేడు నేను ఇనుప దున్నని కొట్టబోయి పక్కవాళ్ళ ఇనుప పందిని కొట్టాను."

"వాళ్ళు థాంక్స్ కూడా చెప్పారు," అన్నారాయన.

"స్కోపు లేకపోతే ఈ జూన్‌లో నేను కాల్చలేను. అంతే. ఇంట్లో కూర్చుని లెఫ్సా రొట్టెలు కాల్చుకుంటాను."

అంతవరకూ వెక్కిరిస్తున్న ఆయన మొహం మారిపోయింది. "నిన్ను కూర్చోబెడతానన్నానా? స్కోపు పెట్టుకో. చిల్లు మాత్రం పెట్టకు. చిల్లు పెట్టకుండా ఎలా పెడతావో పెట్టుకో."

అదీ చిక్కు. స్కోపుకి రెండు పట్టీలు ఉంటాయి. ముందు పట్టీ బ్యారెల్ మీద పాత గురి కూర్చునే గాడిలో దూరిపోతుంది, ఇబ్బంది లేదు. వెనక పట్టీకి మాత్రం బ్యారెల్ మీద రెండు మర చిల్లులు ఉండాల్సిందే. పాత రైఫిల్‌కి కొత్త చిల్లు పెట్టడమంటే మా లోకంలో చర్చిలో ఈల వెయ్యడం లాంటిది. అందులోనూ స్కార్‌డాల్ రైఫిల్‌కి! ప్రతి మ్యాచ్ మొదలయ్యే ముందు ఆర్లిన్ గారు దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని కాల్చేవాళ్ళ వరస పొడుగునా నడుస్తారు, అందరూ టోపీలు తీస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర ఆగి, "వేలు పెట్టి నిమురు నాయనా. మా నాన్న ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ఎక్కడన్నా చిల్లు తగిలితే చెప్పు, ఇది నీకే ఇచ్చేస్తా," అంటారు. నేనూ నిమిరాను. వెన్నలా ఉంది.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఆర్లిన్ గారికి వయసులో ఉండగా లోర్నా ట్వేట్ అనే ఆవిడతో పెళ్ళి కుదిరింది. ఆవిడ ఓ సాయంత్రం, "ఆ తుపాకీకి చిన్న చిల్లు పెట్టి గొలుసేసి హాల్లో గోడకి తగిలిద్దామా?" అంది. ఈయన లేచి టోపీ పెట్టుకుని ఇంటికొచ్చేశారు. అంతే, పెళ్ళి లేదు. ఆవిడ ఇప్పటికీ మ్యాచ్ దగ్గర రూబార్బ్ కాడలతో చేసే ‘పై’ అనే తీపి వంటకం అమ్ముతుంది. ఈయన ప్రతి ఏడూ ఒక ముక్క కొంటారు. తినరు, పట్టుకుని తిరుగుతారు.

"సరేనండీ, చిల్లు పెట్టను," అన్నాను.

"ఒట్టెయ్యి."

"దేని మీద?"

ఆయన గదంతా చూసి, "ఆ లేత్ మిషను మీద," అన్నారు. వేశాను. వెళ్తూ వెళ్తూ నా కనుబొమ చూసి, "మా నాన్నకీ సరిగ్గా అక్కడే ఉండేది మచ్చ. గుర్రం తన్నింది. మెరక మీంచి దొర్లి కూడా లేచి నిలబడ్డాడు, అలాంటి మనిషి," అన్నారు.

మొదట నేను బ్యారెల్ చుట్టూ తోలు వేసి దాని మీద ఇనుప పట్టా బిగించాను. డ్రాయింగ్ వేశాను, లెక్కలు వేశాను, చాలా గర్వపడ్డాను. కొండ వెనక మైదానంలో వెర్డా గారు కూర్చుని, గుణకారం గుర్తులా కట్టిన రెండు కర్రల మీద బ్యారెల్ ఆనించి ట్రిగ్గర్ నొక్కారు. తుపాకిమందు పొగ కమ్మేసింది. పొగ తేలిపోయాక చూస్తే పట్టా జారిపోయి ఉంది, స్కోపు పక్కకి తిరిగి ఆకాశం చూస్తోంది.

ఆర్లిన్ గారు మెచ్చుకోలుగా తలూపారు. "రాత్రిపూట చుక్కలు చూసుకోవడానికి బావుంటుంది వెర్డా."

"నోరు ముయ్యరా."

"బాతుల్ని కొట్టడానిక్కూడా పనికొస్తుంది. పైనే ఉంటాయిగా."

నేను రైఫిల్ పట్టుకుని షాపుకి వచ్చేశాను, ఏడుపొక్కటే తక్కువ. ఈసారి ముందు పట్టీని గాడిలోనే దూర్చి, పట్టాని ఇంకో రకంగా బిగిద్దామని, పాత గురిని గాడిలోంచి ఊడదీయబోయాను. అది తుప్పుతో పట్టేసింది. బ్యారెల్‌ని కొంచెం వెచ్చబెడితే వదులుతుందని వేడిగాలి పట్టాను. అప్పుడు జరిగిందండీ!

వేడికి బ్యారెల్ చెమట పట్టింది. నిజంగానే పడుతుంది, పాత ఇనుము సందుల్లో దాక్కున్న నూనె వేడి తగిలితే బయటికి వస్తుంది. ట్రిగ్గర్‌కి కాస్త ముందు, వెన్నలా నున్నగా ఉండే ఆ చోట, నూనె ఓ చిన్న వలయంలా ఊరింది. గుండ్రంగా, గీసినట్టు. దాని వెనకే ఇంకోటి. నేను వేడిగాలి ఆపి, భూతద్దం తెచ్చి, కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను. రెండు చిల్లులు. ఎవరో ఎప్పుడో మర చిల్లులు పెట్టి, తర్వాత వాటిలో స్క్రూలు దించి, తలలు కోసేసి, ఆకురాయితో సమంగా అరగదీసి, బ్యారెల్ రంగులోనే తుప్పు పట్టించి పూడ్చేశారు. ఎంత గొప్ప పనో తెలుసా! గోరు కూడా పట్టదు. ఇన్నేళ్ళుగా ఊరంతా వేళ్ళు పెట్టి నిమిరింది వాటినే.

వెర్డా గారికి ఫోన్ చేసి ఒక్కరినే రమ్మన్నాను. ఆవిడ గిన్నె నిండా బంగాళదుంప సలాడ్ పట్టుకుని వచ్చారు. భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూశారు.

"ఇవి నువ్వు పెట్టినవి కాదుగదా?"

"లేత్ మీద ఒట్టండీ. ఇవి పాతవి. వెనక పట్టీకి ఉండాల్సిన కొలతలోనే ఉన్నాయి. ఎవరో దీనికి స్కోపు పెట్టుకున్నారు."

"నాన్న కంటే ముందు ఎవరిదో అయ్యుంటుంది."

"వెర్డా గారూ, మీ నాన్నగారి మచ్చ ఏ ఆకారంలో ఉండేది?"

ఆవిడ వేలు తనంతట అదే కుడి కనుబొమ మీదికి వెళ్ళింది. గాల్లో నెలవంక గీసింది. ఆగింది. నా కనుబొమ చూశారు. కుర్చీలో కూలబడ్డారు.

"గుర్రం డెక్క అంత చిన్నగా ఉంటుందాండీ?" అన్నాను మెల్లిగా.

"అమ్మాయ్," అన్నారావిడ, "అప్పటికి మాకు గుర్రమే లేదు."

ఆ తర్వాత నవ్వు మొదలైంది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత బల్ల కదిలింది, తర్వాత ట్రాక్టర్ కొట్టు వాళ్ళు గోడ మీద కొట్టారు. "ఆ ముసలాడు! స్కోపు పెట్టుకుని, మొహం పగలగొట్టుకుని, సిగ్గేసి పీకి పారేసి ఉంటాడు! నాకు ఎనిమిదేళ్ళప్పుడు గుర్రం అన్నాడు, నేను మళ్ళీ దాని గురించి ఆలోచించనే లేదు! చిల్లు పెడదామా అని ఒకసారి అడిగినందుకు ఆర్లిన్ గాడి చెవి మెలేశాడు, తెలుసా? అందుకే వాడికి..." అంటూ ఆగిపోయారు. నవ్వు ఎటు పోయిందో పోయింది.

"వాడికి చెప్పకూడదు," అన్నారు.

"ఎందుకండీ? చిల్లులు ముందే ఉన్నాయిగా! కొత్తవేం పెట్టక్కర్లేదు, స్కోపు హాయిగా కూర్చుంటుంది, మీరు జూన్‌లో కాలుస్తారు!"

"లోర్నా సంగతి నీకు తెలీదా?"

తెలుసు. అప్పుడు వెలిగింది నాకు. చిల్లు అన్న మాటకే పెళ్ళి వదులుకున్న మనిషికి వెళ్ళి, అందులో చిల్లులు మొదటినుంచీ ఉన్నాయండీ, ఒకటి కాదు రెండు, మీ నాన్నే పెట్టారు అని ఎలా చెబుతాం?

"చెప్పకుండా బిగించగలవా?" అన్నారు వెర్డా గారు. "స్కోపు కనక లేకపోతే ఈ ఏడాది మ్యాచ్‌లో నేను లేను. నేను లేకపోతే వాడూ వెళ్ళడు, చూస్తూ ఉండు. పక్కన తిట్టే మనిషి లేకుండా వాడు దున్నని కాదుగదా, కొండని కూడా కొట్టలేడు."

నేను సరేనన్నాను. ఏమనుకోవాలో మీ ఇష్టం, నాకు ఆవిడ కాల్చాలని ఉంది. పూడ్చిన స్క్రూల మీద సన్నటి గాళ్ళు కోసి, ఊపిరి బిగబట్టి, బయటికి తీశాను. లోపలి మర ఈ కాలపుది కాదు, నా దగ్గరున్న ఏ స్క్రూ పట్టలేదు. లేత్ మీద రెండు స్క్రూలు నేనే చేసుకున్నాను. (ఒట్టు వేసింది కూడా ఆ లేత్ మీదే కాబట్టి అది నన్ను అదోలా చూసింది.) స్కోపు ఎక్కింది. రాయిలా నిలబడింది. వెర్డా గారు వెనక పట్టీ చుట్టూ తోలు తొడుగు కుట్టారు, అడిగినవాళ్ళకి ‘పట్టీకి ఎండ వేడి తగలకుండా’ అని చెప్పుకోవడానికి.

ఆర్లిన్ గారు రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని మరీ చూశారు.

"ఇదెలా ఆగింది?"

"బిగింపండీ," అన్నాను.

"ఏం బిగింపు?"

"కొత్త రకం బిగింపు. ఇంజనీరింగ్."

"చిల్లు?"

"నేనేం పెట్టలేదండీ." ఇది నిజం, అక్షరాలా నిజం, అయినా నా చెవులు కాలిపోయాయి.

ఆయన తొడుగు మీద వేలితో తట్టి, "చదువుకుంటే ఇంతుందన్నమాట," అన్నారు. వెర్డా గారు అటు తిరిగి మేఘాలు చూశారు.

ఇవాళ మైదానంలో చివరి సాధన. ఈ రకం స్కోపుతో ఒక గొడవుంది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోపు గొట్టం పట్టీల్లో ముందుకి జారుతుంది, జారాలి కూడా, లేకపోతే విరుగుతుంది. మళ్ళీ కాల్చే ముందు దాన్ని వెనక్కి లాగి దాని చోటులో పెట్టాలి. మర్చిపోతే తూటా ఎటు పోతుందో దేవుడికే తెలుసు. ఆర్లిన్ గారికి ఇది తెగ నచ్చింది, అక్కని తిట్టడానికి కొత్త కారణం దొరికింది కదా.

"లాగావా?"

"లాగాను."

"నేను చూళ్ళేదు."

"నువ్వు దున్నని చూడరా, నన్ను కాదు."

"గాలి ఎడం వైపు నుంచి వస్తోంది. గడ్డి చూడు. లాగావా?"

"ఇంకోసారి అడిగావంటే నిన్ను లాగుతాను!"

ఢాం. పొగ. ఆ దూరానికి తూటా చేరడానికి కాస్త టైం పడుతుంది, ఆ కాస్తలో ముగ్గురం ఊపిరి తీసుకోలేదు. తర్వాత, దూరంగా, మెల్లిగా, వంటింట్లో గిన్నె జారిపడినట్టు, టంగ్.

ఇనుప దున్న!

"టంగ్!" అని అరిచారు ఆర్లిన్ గారు, అది మాకు వినబడలేదేమో అన్నట్టు. టోపీ విసిరేశారు, గాలి దాన్ని తీసుకుపోయింది, వెంటపడలేదు. "వెర్డా! టంగ్!" అంటూ అక్కని పట్టుకుని ఊపేశారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "పొగేరా, పొగ," అన్నారు. ఇంకో నాలుగు కాల్చారావిడ. అన్నీ టంగే, ఒకటి తప్ప. ఆ ఒక్కటీ లాగడం మర్చిపోయినందుకు. ఆయన తిట్టడం కూడా మర్చిపోయారు.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది! తిరిగొస్తూ ఆయన ట్రక్కు నా షాపు ముందు ఆపారు. వెర్డా గారు లోపలే కూర్చున్నారు, అద్దం దించి వింటున్నారు.

"అమ్మాయ్, తప్పు నాదే. నీ స్కోపు బంగారం. మా అక్క మళ్ళీ కాలుస్తోంది, అంతకంటే నాకేం కావాలి? ఒక్క చిన్న పని. ఎల్లుండి మ్యాచ్ కదా, మొదట్లో నేను రైఫిల్ పట్టుకుని నడవాలి. స్కోపుతో నడిస్తే బావుండదు. నాన్న ఇచ్చింది ఇచ్చినట్టు చూపించాలి, జనం నిమురుతారు. రైఫిల్ నీ దగ్గరే ఉంచు, రేపు పొద్దున్న వస్తా, ఊడదీసెయ్యి. నడక అవగానే అక్కడే మళ్ళీ పెట్టేద్దువుగాని. బిగింపేగా, చిటికెలో పని."

"అంటే, అది..." అన్నాను.

"నేను పక్కనే నిలబడి చూస్తా. ఎలా ఊడుతుందో నేర్చుకుంటే వచ్చే ఏడు నీకు శ్రమ ఉండదు. ఆఁ, ఇంకోటి." ఆయన టోపీ లేని తల గోక్కున్నారు. "ఈ ఏడు మొదట లోర్నా దగ్గర ఆగుదామనుకుంటున్నా. ఆవిడ పై అమ్మే బల్ల దగ్గర. చిల్లు లేకుండానే స్కోపు పెట్టించాం, చూడు, నిమిరి చూడు అంటాను. ఏదో ఒక దారి ఉండేదని అప్పుడే తట్టి ఉంటే..." అంటూనే ట్రక్కెక్కారు. వెర్డా గారు అద్దంలోంచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. చెప్పొద్దనా, ఊడదియ్యొద్దనా, నాకు తెలీలేదు. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి అడిగితే, "నాకూ తెలీదమ్మా. వాడు నాన్నని పోగొట్టుకోకూడదు, నేను మ్యాచ్ పోగొట్టుకోకూడదు, మిగతాది నువ్వు చూసుకో," అని పెట్టేశారు.

ఇదండీ పరిస్థితి. ఊడదీస్తే ఆయన కళ్ళ ముందే రెండు చిల్లులు, నల్లగా, నోళ్ళు తెరుచుకుని. ఐనార్ గారి పాత స్క్రూల మీద నేను గాళ్ళు కోసేశాను, అవి మళ్ళీ నున్నగా కూర్చోవు. కొత్తవి దించి, అరగదీసి, తుప్పు పట్టించాలంటే వారం కావాలి, తేనెమైనంలో మసి కలిపి పూడిస్తే లోర్నా గారి వేలికే అంటుకుంటుంది. ఊడదని చెబితే ఎందుకు ఊడదంటారు, తొడుగు తీసి చూస్తారు. చిల్లులు నేనే పెట్టానని ఒప్పేసుకుంటే వాళ్ళ నాన్న పదిలంగా ఉంటాడు, కానీ ఆయన ఒక్క వద్దు అంటే చాలు, స్కోపు పోతుంది, వెర్డా గారు ఇంట్లో లెఫ్సా కాలుస్తూ కూర్చుంటారు, నా షాపుకి కూడా ఎవరూ రారు. నిజం చెబితే, మీ నాన్నే పెట్టారండీ అంటే, ఆయన ఎవరి దగ్గరికి వెళ్ళి ఏం నిమరమంటారు?

రైఫిల్ నా ఎదురుగా బల్ల మీదే ఉంది. స్క్రూడ్రైవర్ దాని పక్కనే ఉంది. నా చోట మీరుంటే, రేపు ఆ తలుపు చప్పుడైనప్పుడు, ఏం చేస్తారు?